కుర్చీ నంబరున్న టికెట్‌కు నిలబడే హక్కు రాదు

‘డబ్బు పెట్టి టికెట్ కొన్న అభిమానికి నిలబడి ఆనందించే హక్కు ఉంది’ అని సంగీత కార్యక్రమాల మీద వచ్చిన ఒక వ్యాసంలో రచయిత రాశారు. కుర్చీ నంబరు వేసి అమ్మిన టికెట్‌కు ఆ మాట చెల్లదు. మన విశాఖలో మైదానాల్లో జరిగే సినీ సంగీత విభావరులనే చూడండి. నేల చదును, ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరసలో ఒకరు లేస్తే వెనక ఇద్దరు ముగ్గురు లేవక తప్పదు, వారి వెనకవారూ అంతే. కాసేపటికి చివరి వరసలవారు కుర్చీలెక్కుతారు. మోకాళ్ల నొప్పులతో లేవలేని మా అమ్మ అలాంటి ఒక కార్యక్రమంలో గాయని గొంతు వినగలిగిందే తప్ప ముఖం చూడలేకపోయింది. ఎదురుగా అన్నీ వీపులు, పైకెత్తిన ఫోన్లు.

హుషారైన పాటకు లేచి చిందేస్తే నాకు అభ్యంతరం లేదు. గాయకులే లేవమంటే సంతోషంగా లేద్దాం. ఆ పాట అయ్యాక కూర్చోవాలి. చివరిదాకా నిలబడే చూడాలనుకునేవారు వెనక్కి వెళ్లాలి. నడవలో మాత్రం వద్దు, ఆపద వస్తే జనం బయటపడే దారి అదే.

మన ఊరి కళాభారతి ఆడిటోరియానికి కర్ణాటక కచేరీ వినడానికి వచ్చే రసికులకూ ఒక మనవి. ప్రధాన కీర్తన చివర తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలవగానే లేచిపోయే అలవాటు మన సభల్లో ఇంకా పోలేదు. అంతసేపూ గాయకుడికి అండగా నిలిచిన మృదంగ విద్వాంసుడు తన విద్యంతా చూపించేది ఆ కొద్ది నిమిషాల్లోనే. వెళ్లక తప్పకపోతే ప్రధాన కీర్తన మొదలుకాకముందే, చప్పట్ల మధ్య లేవండి.

నిర్వాహకులు వెనక కొంత చోటు నిలబడేవారికి వదిలి, ఆ సంగతి టికెట్ మీదే ముద్రిస్తే సగం తగవులు తీరుతాయి.