కమాండ్ అయిపోయినాకే అవుట్‌పుట్ వస్తాదంట, ఎవురు చెప్పినారప్పా?

అనంతపురం, కర్నూలు పిల్లోల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతాంది. యాప్‌లోంచి నడిపే షెల్ కమాండ్ (టెర్మినల్‌లో టైప్ చేసి నడిపే ఆదేశం) ప్రోగ్రెస్ లైవ్‌గా చూపించేది అయ్యే పని కాదంట, అంతా అయిపోయినాకే వస్తాదంట, మరీ కావాలంటే పైథాన్‌లో బఫ్‌సైజ్ (bufsize అనే సెట్టింగ్) 1 పెట్టాలంట, కుదరకపోతే ఎస్‌టీడీబఫ్ (stdbuf అనే చిన్న టూల్) తగిలించాలంట, అదీ కాకపోతే టైమర్ పెట్టి బార్‌ని 99 శాతం దాకా జరుపుకుంటా పోవాలంట.

మొదటిది షెల్ తప్పే కాదు. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ రన్‌ని అవుట్‌పుట్ పట్టుకోమని పిలిచినా, నోడ్‌లో ఎగ్జెక్ పిలిచినా అంతా పోగేసి చివర్లో ఇస్తాయి. వాటి బదులు పైథాన్‌లో పోపెన్, నోడ్‌లో స్పాన్ వాడు, వచ్చింది వచ్చినట్టు చదువుకో.

బఫ్‌సైజ్ కాడనే అందరూ బోల్తా పడేది. అది నీ వైపు చదివే బఫర్ (డేటా కాసేపు పోగయ్యే చోటు) సంగతి, అవతల కమాండ్ ఎప్పుడు రాస్తాదో దాని చేతిలో ల్యా. సీ లైబ్రరీ (చానా కమాండ్లు రాసేదానికి వాడుకునే కోడ్) ఏం చేస్తాదంటే, అవుట్‌పుట్ టెర్మినల్‌కి పోతాంటే లైను లైనుకీ పంపిస్తాది, పైపులోకి (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పోయే దారి) పోతాందంటే మాత్రం మన క్లాక్ టవర్ కాడ షేర్ ఆటో మాదిరి నిండేదాకా కదలదు, లినక్స్‌లో మామూలుగా 4096 బైట్లు నిండాల. అందుకే టెర్మినల్‌లో చక్కగా వచ్చేది యాప్‌లో గమ్మున కూచోని ఒక్కసారిగా కుమ్మరిస్తాది. ఎర్రర్ స్ట్రీమ్‌కి (ఎర్రర్లు విడిగా వచ్చే దారి) ఈ బఫరింగ్ ల్యా, అందుకని ఎర్రర్లు ముందొచ్చి మామూలు లైన్లు ఎనక వస్తాయి, లాగ్ చూసినోడికి పిచ్చెక్కుతాది. రెంటికీ వేరే వేరే పైపులు పెట్టి ఒకటే చదువుతాంటే ఇంకా ఘోరం, లినక్స్‌లో పైపు మామూలుగా పట్టేది 64 కేబీ, నువ్వు చదవని రెండోది నిండినాక కమాండ్ ఆడనే ఆగిపోతాది.

ఎస్‌టీడీబఫ్ మంచిదే గానీ అన్నిటికీ పన్జేయదు. ఎల్‌డీ ప్రీలోడ్‌తో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే వేరే లైబ్రరీ ఎక్కించే లినక్స్ సెట్టింగ్) లైబ్రరీ ఎక్కించి సీ బఫరింగ్ మారుస్తాది, అంతే. స్టాటిక్ బైనరీకి (లైబ్రరీలన్నీ లోపలే కలిపేసుకున్న ప్రోగ్రామ్) ఎక్కదు, పైథాన్ దాన్ని పట్టించుకోదు, పైథాన్‌కి మైనస్ యు (-u) ఆప్షన్ ఇవ్వాల. ఏదీ కుదరకపోతే సూడో టెర్మినల్ (టెర్మినల్ మాదిరి నటించేది) ఇయ్యి, అప్పుడు కమాండ్ నిజంగా టెర్మినలే అనుకుంటాది, కాకపోతే రంగుల కోడ్లు నువ్వే ఏరేసుకోవాల, ఎర్రర్లు కూడా అందులోనే కలిసిపోతాయి.

మెసేజ్‌లో లేని ఇంకోటి, చానా ప్రోగ్రెస్ బార్లు న్యూలైన్ పెట్టవు, క్యారేజ్ రిటర్న్‌తో (లైన్ మొదటికి ఎనక్కి పొమ్మనే గుర్తు) అదే లైన్‌ని మళ్ళీ రాస్తాయి. బైట్లుగా రీడ్‌లైన్ పెట్టుకుంటే న్యూలైన్ కోసం చూస్తానే ఉంటావు. పైథాన్ టెక్స్ట్ మోడ్‌లో అయితే దాన్నీ లైన్ ముగింపుగానే తీసుకుంటాది.

టైమర్ బార్ అంటే యూజర్‌ని మోసం చేయడమే, కమాండ్ చచ్చి పడినా అది కదుల్తానే ఉంటాది. వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి ప్రోగ్రెస్ ఆప్షన్ ఉంది, ఎంత సేపటి వీడియో అయిందో లైన్లుగా ఇస్తాది, వీడియో మొత్తం నిడివితో భాగిస్తే శాతం వచ్చేస్తాది. కోడ్ దాచుకునే గిట్‌కి ప్రోగ్రెస్ ఫ్లాగ్ ఇస్తే టెర్మినల్ లేకపోయినా చెప్తాది. ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌లో 3.1.0 వెర్షన్ నుంచి ప్రోగ్రెస్2 ఉంది, కాకపోతే ఫైళ్ళు ఎతుక్కుంటా పోతాది కాబట్టి శాతం ఎనక్కి కూడా పోవచ్చు, నో ఇంక్ రికర్సివ్ (--no-inc-recursive) ఆప్షన్ ఇస్తే ముందే మొత్తం లిస్టు కట్టుకుంటాది. లెక్కే చెప్పని కమాండ్ అయితే చివరి లైనూ, ఎంత సేపైందో చూపించు, శాతం మాత్రం వద్దు.