ఎలాగూ విప్పాం కదా సార్!

నా కారు మాట్లాడడం మొదలుపెట్టి మూడు వారాలయింది. పెద్ద వక్తేమీ కాదు. దానికి వచ్చినదల్లా ఒకే మాట: "టక్". చిన్న గతుకు మీద ఒకసారి అంటుంది, నిలబడి ఉన్నచోట స్టీరింగు తిప్పితే మరొకసారి అంటుంది. పెద్ద గుంటలో దభీమని పడినప్పుడు మాత్రం కిమ్మనదు. అంతటి గొప్ప సందర్భంలో తన అభిప్రాయం అనవసరమని దాని వినయం కాబోలు.

ఈ ఏకాక్షర కావ్యానికి వ్యాఖ్యానం చెప్పగల పీఠాలు లోకంలో రెండే ఉన్నాయి. ఒకటి కంపెనీ సర్వీస్ సెంటరు, రెండోది బయటి మెకానిక్ షెడ్డు. చిన్నాచితకా పనికైతే ఎటు వెళ్లినా ఒకటే. పెద్ద ఖర్చు తగిలినప్పుడే మనిషికి సిద్ధాంతాలు అవసరమవుతాయి. కాబట్టి నేను ఈ ప్రశ్నను పెళ్లి సంబంధం చూసినంత గంభీరంగా తీసుకున్నాను. ముందుగా తెలిసినవాళ్లను సలహా అడిగాను. అదే నా మొదటి తప్పు.

"కంపెనీ కంపెనీయే. బయట ఏ పార్టు వేస్తారో ఎవరు చూడొచ్చారు?" అన్నాడొకాయన. "వాళ్లు బాగుచేయరు, మారుస్తారు. బాగుచేసేది బయటివాడే" అన్నాడు ఇంకొకాయన. కాసేపు కదిలించి చూస్తే తేలిందేమిటంటే, మొదటాయన కిందటేడు బయట దెబ్బ తిన్నాడు, రెండో ఆయన కంపెనీలో తిన్నాడు. ఎవరూ నాకు దారి చెప్పలేదు. తమకు ఎక్కడ కాలిందో దానికి ఎదురు దిక్కు చూపించారు, అంతే.

సరే, ముందు షెడ్డుకే వెళ్లాను. మెకానిక్ ఇంకో కారు కింద ఉన్నాడు, పాదాలు మాత్రమే దర్శనమిచ్చాయి. ఆ పాదాలకు నా గోడు విన్నవించుకున్నాను. శబ్దాన్ని నోటితో అనుకరించి కూడా చూపించాను, కొంత అభినయంతో. "లింక్ రాడ్డు సార్" అంది కారు కింది నుంచి ఆకాశవాణి. నా కారు ముఖం చూడలేదు, తాళం చెవి అడగలేదు. నాడి పట్టకుండానే రోగం చెప్పే వైద్యుణ్ణి మనం ఎంత గౌరవిస్తామో ఆలోచించండి. నేనూ గౌరవించాను. లింక్ రాడ్డు మార్చారు. పాతది అరిగిపోయే ఉంది, అందులో అబద్ధం లేదు. శబ్దం మాత్రం దానిది కాదు. షెడ్డు గేటు దాటుతుండగానే కారు "టక్" అంది.

దాంతో మతం మార్చుకుని సర్వీస్ సెంటరుకు వెళ్లాను. అక్కడి నేల ఎంత తెల్లగా ఉంటుందంటే, ఇక్కడ కార్లు బాగుచేస్తారంటే నమ్మబుద్ధి కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సర్వీస్ అడ్వైజర్ ఎదురొచ్చి, ట్యాబ్లెట్టు పట్టుకుని నా కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ప్రతి గీతకూ ఫోటో తీశాడు. "ఇవన్నీ ముందు నుంచే ఉన్నవి కదా సార్?" అని నా చేత ఒప్పించి సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత సమస్య ఏమిటన్నాడు. నేను మూడు వారాల వేదనను ఆరోహణ అవరోహణలతో వినిపించాను. ఎప్పుడు వస్తుంది, ఎంత వేగంలో వస్తుంది, ఎటు తిప్పితే వస్తుంది, ఇంజను వేడెక్కాక వస్తుందా ముందే వస్తుందా, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని జాబ్ కార్డులో రాసుకున్నాడు: "ముందు భాగంలో శబ్దం."

ఇక్కడ ఒక చిన్నమాట. సర్వీస్ సెంటర్లో మన గోడు వినేవాడు వేరు, కారు మీద చెయ్యి వేసేవాడు వేరు. మధ్యలో ఉన్న వంతెన ఆ జాబ్ కార్డొక్కటే. అందులోకి ఎక్కని మాట మనం అననట్టే లెక్క. ఈ సంగతి తెలియక సగం మంది అడ్వైజర్ దగ్గర హరికథ చెప్పి, కార్డు చదవకుండా సంతకం పెట్టి వస్తారు. నేను ఆ సగంలో వాణ్ణే.

అద్దాల గోడకు ఇవతల కూర్చుని, అవతల లిఫ్టు మీద గాలిలో వేలాడుతున్న నా కారును చూశాను. ఆపరేషన్ గది బయట బంధువులా గడిపాక అంచనా కాగితం వచ్చింది. పదకొండు పంక్తులు. షాక్ అబ్జార్బర్ల జత, వాటి పైన ఉండే మౌంట్లు, లోయర్ ఆర్ములు, బుష్షులు, వీల్ అలైన్‌మెంటు, అక్కడి వరకు శబ్దానికి సంబంధించిన సాహిత్యం. ఆ తర్వాత కవి స్వేచ్ఛ తీసుకున్నాడు: ఇంజను లోపల కడిగే ఫ్లష్, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం, ఏసీ వాసన పోగొట్టడం, వైపర్ బ్లేడ్లు వగైరా. కారు "టక్" అన్నందుకు వైపర్లు ఎందుకు మార్చాలో నేను అడగలేదు. అంత తెల్లటి నేల మీద నిలబడి అలాంటి ప్రశ్న అడగడానికి నాకు సిగ్గేసింది. మొత్తం ఎంతంటే, ఆ కారును అమ్మితే వచ్చేదానిలో మూడో వంతు.

అందులో లేబర్ చార్జీల కాలమ్ ఒక ప్రత్యేక శాస్త్రం. ఏ పనికి ఎన్ని గంటలు పట్టాలో ముందే రాసిపెట్టిన పుస్తకం ఒకటి ఉంటుంది. పుస్తకంలో ఆరు గంటలని ఉంటే మీరు ఆరు గంటలకే కడతారు. చేయి తిరిగినవాడు నాలుగింటిలో ముగించినా ఆరే. కొత్తవాడు తొమ్మిది గంటలు తంటాలు పడినా ఆరే. ఇది అన్యాయమని చాలామంది అంటారు. నేననను. తొమ్మిది గంటలవాడి చేతిలో పడినప్పుడు ఆ పుస్తకమే మనల్ని కాపాడుతుంది. మనం పడింది ఎవడి చేతిలోనో మనకు తెలియకపోవడమే అందులోని అందం.

సర్వీస్ సెంటరును ఊరికే ఆడిపోసుకోవడం కూడా ధర్మం కాదు. కొన్ని పనులకు అక్కడికే వెళ్లాలి. ఈనాటి కార్లకు 17 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటోంది; అమెరికాలో ఇది 1981 నుంచి ఉంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు, ఒకటీ సున్నాలతో తికమక పడతారని. ఆ సంఖ్య చెబితే మీ కారు మీద కంపెనీ తన తప్పు తాను ఒప్పుకున్న రీకాల్ ఏదైనా ఉందేమో తెలుస్తుంది. ఉంటే ఆ పని ఉచితంగా చేసేది కంపెనీవాళ్లే. ఒకే మోడలుకు పదేపదే వచ్చే జబ్బుల గురించి తయారీదారు పంపే సాంకేతిక సూచనలు ముందుగా చేరేదీ అక్కడికే. తాళం చెవికి కోడు ఎక్కించాలన్నా, ముందు అద్దం మార్చాక దాని వెనుక ఉన్న కెమెరాకు మళ్లీ చూపు సరిచేయాలన్నా స్క్రూడ్రైవరుతో అయ్యే పని కాదు. ఆ పరికరాలు కొన్న బయటివాళ్లూ ఉన్నారు, వెతుక్కోవాలి. వారంటీ బతికున్న కారుకు ఈ చర్చంతా అనవసరం. లోపం వాళ్లది, ఖర్చూ వాళ్లది.

అయితే వారంటీ పేరు చెప్పి జడిపించడం వేరే కళ. "బయట ఆయిలు మార్పించారా? ఇక వారంటీ గోవిందా!" అనే మాట మీరూ వినే ఉంటారు. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం ప్రకారం, తమ బ్రాండు పార్టులే వాడాలి, తమ దగ్గరే పని చేయించాలి అని వారంటీకి షరతు పెట్టకూడదు, వాటిని ఉచితంగా ఇస్తే తప్ప. ఐరోపాలోనూ 2010 నాటి నిబంధనలు ఇంచుమించు ఇదే దారిలో ఉన్నాయి. మీ కారుకు ఏ షరతులు పెట్టారో వారంటీ పుస్తకంలోని చిన్న అక్షరాలు చెబుతాయి. వాటిని అంత చిన్నవిగా అచ్చు వేసింది మన కళ్లకు వ్యాయామం కోసమే.

ఇక "ఒరిజినల్ పార్టు" అనే మంత్రం. కారు మీద పేరున్న కంపెనీ ఆ కారులోని పార్టులన్నీ తానే తయారు చేయదు. బాష్, డెన్సో, జెడ్‌ఎఫ్ లాంటి సంస్థలు తయారుచేసి ఇస్తాయి. అదే వస్తువు కారు కంపెనీ డబ్బాలో ఒక ధరకు, తయారుచేసినవాడి సొంత డబ్బాలో తక్కువ ధరకు దొరకడం మామూలే. అంటే కొన్నిసార్లు మనం డబ్బు పోసేది డబ్బాకు. దీన్ని పట్టుకుని బయటివాళ్లు మనకు జ్ఞానబోధ చేస్తారు. అదే నోటితో, డబ్బా అసలుదీ లోపలిది నకిలీదీ అయిన సందర్భాల గురించి మాత్రం చెప్పరు. బ్రేకు ప్యాడ్ల విషయంలో ఈ తేడా తెలియడానికి అనువైన చోటు ఏటవాలు రోడ్డు. అక్కడ తెలుసుకోవాలని నాకైతే కుతూహలం లేదు.

ఈ రెండు పీఠాలనూ కలిపే దైవం ఒకటుంది: స్కానరు. అమెరికాలో అమ్మే కార్లకు 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి 16 పిన్నుల సాకెట్టు తప్పనిసరి అయింది. అందులో పరికరం గుచ్చగానే కారు తన బాధను కోడు రూపంలో చెప్పుకుంటుంది. పాపం, అది చెప్పేది సాక్ష్యం, మనం వినేది తీర్పు. ఉదాహరణకు పీ0420 అనే కోడుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు సరిగా పనిచేస్తున్నట్టు లేదని దాని భావం. పొగగొట్టంలో చిన్న కంత ఉన్నా, సెన్సరు తప్పు చెబుతున్నా కూడా ఈ కోడు రావచ్చు. అవన్నీ చూసే ఓపిక ఎవరికుంది? కన్వర్టరు మార్చేస్తే సరి. దాని లోపల ప్లాటినం, పెల్లేడియం, రోడియం ఉంటాయి గనుక బిల్లు కంసాలి దగ్గర తీసుకున్నట్టే ఉంటుంది. దీనికి చెల్లెలు పీ0457. అది వచ్చిందంటే, ఇంధనం ట్యాంకు మూత సరిగా బిగించలేదేమో చూడమని అర్థం. ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలిగితే గుండె చేత్తో పట్టుకుని వెళ్లేవాళ్లలో కొందరి జబ్బు కేవలం మూత.

ఇంత దూరం వచ్చాక అసలు దోషి పేరు బయటపెట్టాలి. అది నేను. "చూసినందుకు కూడా డబ్బులా?" అని అడిగేవాణ్ణి నేను. రోగం కనిపెట్టడానికి గంటన్నర పడుతుందంటే ముఖం ముడుచుకుంటాను. అదే, రోగం కనిపెట్టకుండా నాలుగు పార్టులు మారిస్తే, పాతవి సంచిలో వేసి చేతికిస్తే, తృప్తిగా జేబులో చెయ్యి పెడతాను. ఇనుము కనబడితే నాకు డబ్బు ముట్టినట్టుంటుంది. ఆలోచన కనబడదు గదా. నా బోటివాళ్ల కోసమే షెడ్డువాడు కారు చూడకుండా ఊహించడం నేర్చుకున్నాడు, షోరూమువాడు ఒక్క "టక్"కు పదకొండు పంక్తులు రాయడం నేర్చుకున్నాడు. ఒకడికి చూసినందుకు ఏమీ రాదు, కాబట్టి చూడడు. ఇంకొకడు చూస్తాడు, ఆ చూపు ఖరీదును వైపర్లలో రాబట్టుకుంటాడు.

ఇద్దరి నోటా వచ్చే ఒక వాక్యం ఉంది. మోటారు శాస్త్రంలో అంతకన్నా ఖరీదైన వాక్యం లేదు: "ఎలాగూ విప్పాం కదా సార్." దీన్ని విన్నవెంటనే కోప్పడేవాళ్లూ, విన్నవెంటనే తలూపేవాళ్లూ ఇద్దరూ నష్టపోతారు. టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు, అదే బెల్టు మీద తిరిగే నీటి పంపును కూడా మార్చమని అడిగారనుకోండి, అది సత్యవాక్యం. పంపు చిన్నది, దాన్ని చేరుకోవడానికి పట్టే పని పెద్దది. ఆరు నెలలకు పంపు కారితే మళ్లీ అంతా విప్పాలి. క్లచ్చు ప్లేటుతో పాటు రిలీజ్ బేరింగు మార్చమన్నా అంతే. గేరు బాక్సు దించడమే అసలు పని. కానీ "ఎలాగూ బానెట్టు ఎత్తాం కదా, ఇంజను ఫ్లష్ చేసేద్దాం" అన్నప్పుడు విప్పింది బానెట్టును కాదు, మన జేబును. వాక్యం ఒకటే, అర్థాలు రెండు. ఈ సంధి విడదీయడం రానంత కాలం అద్దాల గోడకు ఇవతల కూర్చున్నా, షెడ్డులో టైరు మీద కూర్చున్నా ఒకటే.

నేను చివరికి ఏం చేశానంటే, రెండు పీఠాలకూ సమానంగా ద్రోహం చేశాను. సర్వీస్ సెంటర్లో పరీక్ష ఫీజు మాత్రం కట్టి (అడ్వైజర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు), ఆ పదకొండు పంక్తుల కాగితం తీసుకుని షెడ్డుకు తిరిగి వెళ్లాను. "ఈసారి చూసినందుకు డబ్బిస్తాను. చూడండి" అన్నాను. మెకానిక్ నన్ను ఒకలా చూశాడు. కాగితం తీసుకుని, చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కడున్న కుర్రాణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, తాను చక్రం వెనక చెయ్యి పెట్టి స్ప్రింగును అరచేత్తో పట్టుకున్నాడు. "తిప్పు. మెల్లగా... ఇటు... ఆగు." నా చెయ్యి లాగి స్ప్రింగు మీద పెట్టాడు. కుర్రాడు మళ్లీ తిప్పాడు. స్ప్రింగు కాసేపు తిరగనని మొండికేసి, ఒక్కసారి చేతి కింద ఎగిరింది. టక్. మూడు వారాలుగా చెవితో వింటున్నదాన్ని అరచేత్తో విన్నాను.

"పైనున్న మౌంటు బేరింగు సార్. మొన్న నేనే తొందరపడ్డాను." కాగితంలో రెండో పంక్తి అది.

విప్పడం మొదలైంది. స్ప్రింగును రెండు కొక్కేలతో బిగించి నొక్కుతున్నప్పుడు అందరినీ పక్కకు జరగమన్నాడు. ఆ క్షణంలో షెడ్డులో రేడియో కూడా ఆపేశారు. మౌంటు ఊడి వచ్చింది. బేరింగును వేళ్ల మధ్య తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరలాడింది. అంతలో మెకానిక్ షాక్ అబ్జార్బరును చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, కాస్త ఆగి, నా వైపు తిరిగాడు.

"ఎలాగూ విప్పాం కదా సార్..."

నేను సిద్ధంగా ఉన్నాను. కళ్లు చిన్నవి చేసి, గొంతు సవరించుకున్నాను. ఆయన వాదించలేదు. షాక్ అబ్జార్బరును నేల మీద నిలబెట్టి, "మీరే నొక్కి చూడండి" అన్నాడు. రెండు చేతులతో నొక్కాను. రాడ్డు మొదటి రెండు వేళ్ల మేర ఏ అడ్డూ లేకుండా జారి, ఆ తర్వాతే బిగిసింది. అరచేతికి నూనె అంటింది. కాగితంలో మొదటి పంక్తి.

"మరి రెండో వైపు?" అని అడగబోతూ తల తిప్పాను. కుర్రాడు అప్పటికే జాకీని అటువైపు దొర్లిస్తున్నాడు.