మూడు మిల్లీమీటర్ల పురుగుకి పేరు పెట్టడానికి ఎన్నాళ్లు ఆగాలి?

అడవిలో ఆకుచెత్త జల్లిస్తే ఐదు ముక్కుపురుగులు దొరికాయి. నల్లగా, మూడు మిల్లీమీటర్ల పొడవున్నాయి, పేరున్న ఏ జాతితోనూ కలవడం లేదు. కొత్త జాతిగా పేరు పెట్టి వెంటనే ప్రచురిద్దాం అంటుంది సుధ, ఆగమంటారు ఆమెకి ఈ పని నేర్పిన రఘు గారు. నా మొగ్గు సుధ వైపేనని ముందే చెప్పేస్తున్నా.

సుధ: డీఎన్ఏ వచ్చేసింది, ఫొటోలు ఉన్నాయి, ఇంకా ఎందుకు సార్ ఆగడం? ఒక కొత్త జాతి నమూనా చేతికి చిక్కాక దానికి పేరు పడేసరికి సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో లెక్క తేల్చారు. వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బెర్గ్ పేరు పెట్టిన పురుగునే చూడండి, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, 1960ల్లో కెన్యాలో పట్టి లండన్ మ్యూజియంలో పెడితే 2019లో పేరొచ్చింది. ఇన్నేళ్లు ఆగితే మన పురుగు ఉన్న అడవి మిగులుతుందా?

రఘు: మ్యూజియంలో భద్రంగా ఉంది కాబట్టే దానికి ఎప్పటికైనా పేరొచ్చిందమ్మా. నా భయం వేరు. వందేళ్ల కింద ఎవరో దీన్నే వర్ణించి ఉంటే? ముందు పెట్టిన పేరే చెల్లుతుంది, నీది ఉత్త పర్యాయపదం అయిపోతుంది, ఆ చిక్కు విప్పలేక తర్వాతి వాళ్లు చస్తారు. పాత వర్ణనలు నువ్వూ చూశావుగా, "నలుపు, మెరుపు, గుండ్రం" అని రెండు లైన్లు, అంతే. అది పట్టుకుని ఏ పురుగో ఎవరు చెప్పగలరు? అసలు టైపు నమూనా, అంటే ఆ పేరు మొదట ఏ పురుగుని చూసి పెట్టారో అదే, చూడాల్సిందే.

సుధ: పాతవాళ్ల దగ్గర లేనివి మన దగ్గర ఉన్నాయనే కదా నేను అనేది. 2013లో న్యూగినీ దీవిలోని ట్రిగొనాప్టెరస్ అనే ముక్కుపురుగులు 101 జాతుల్ని ఒకే పేపర్లో వర్ణించారు, ఒక్కోదానికి చిన్న వర్ణన, మంచి ఫొటో, డీఎన్ఏ కోడ్. అన్ని పేర్లు ఎక్కణ్ణించి తెస్తారు, కొన్నింటికి ఫోన్ డైరెక్టరీలోంచి ఇంటిపేర్లు తీసుకున్నారు.

రఘు: మగవాటి జననాంగాలు కోసి ఆ బొమ్మలు కూడా వేశారు, దగ్గరి జాతుల మధ్య తేడా తెలిసేది అక్కడే, అది వదిలేశావు. నువ్వు కోశావా?

సుధ: నిన్ననే. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పొట్ట చివర్నుంచి సన్న సూదితో మెల్లగా లాగాను, ఊపిరి బిగపట్టి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కండంతా కరిగిపోయాక తేనెరంగు గొట్టం ఒకటి మిగిలింది, కంటికి నలుసులా ఉంది. మైక్రోస్కోప్ కింద పెడితే దాని కొస కొక్కెంలా పక్కకి వంగి ఉంది సార్! దగ్గరి జాతిలో అది తిన్నగా ఉంటుంది.

రఘు: ఎన్నింటిలో చూశావు?

సుధ: ఒకదాంట్లో. మగవి మూడే ఉన్నాయి.

రఘు: ఆ వంపు ఆ ఒక్క పురుగుదే అయితే? రెండోది కూడా కోయి. కోసినంత మాత్రాన నమూనా పోదు, ఆ ముక్కని గ్లిజరిన్ చుక్క ఉన్న బుల్లి గొట్టంలో పెట్టి పురుగున్న పిన్నుకే గుచ్చి ఉంచుతాం. ఇంతకీ పేరు ఎవరిది పెడుతున్నావు? స్లొవేనియా గుహల్లో గుడ్డి పెంకుపురుగుకి 1937లో హిట్లర్ పేరు పెట్టారు, ఈనాటికీ అదే చెల్లుతోంది, ఆ పేరు మోజుతో సేకరించేవాళ్లు గుహలకెళ్లి దాన్ని దొంగతనంగా పట్టుకుపోతున్నారు.

సుధ: మనుషుల పేరు వద్దు సార్. కొక్కెం అని అర్థమొచ్చే లాటిన్ మాట పెడదామనుకుంటున్నా.

రఘు: అయితే ఆ కొక్కెం రెండోదాంట్లోనూ కనిపించాలి మరి.

సుధ: రేపే కోస్తా. ఉంటే ఈ వారమే పంపించేస్తా.

రఘు: పాత టైపుల ఫొటోలు అడిగి నాలుగు రోజులే అయింది, అవి రానీ.

సుధ: నెల ఆగుతాను సార్. రాకపోతే, ఆ పాత జాతుల్ని నేను చూడలేకపోయానని పేపర్లోనే రాసి పంపేస్తాను.

రఘు: ఆ మాట రాస్తానంటే పంపు.