చెప్పులతోనా, లేకుండానా?

"దీనివల్ల ఏం లాభం?" అని అడిగే పెద్దమనుషులకు ముందుగా నమస్కారం. సముద్రంలో కిలోమీటరు లోతున తేలుతూ బతికే జైగాంటోసైప్రిస్ అనే చిన్న జీవి సైజెంతో, ఏ సముద్రంలో ఎంత లోతున దొరుకుతుందో కొలవడానికి కొందరు ఏళ్లకు ఏళ్లు ధారపోశారని తెలియగానే వాళ్లకీ ప్రశ్న పుడుతుంది. మన పన్నుల డబ్బండీ అని కూడా కలుపుతారు.

నిజమే, దారుణం. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టమే గానీ వేపుడుకు పనికిరాదు, ఎగుమతికి అసలే పనికిరాదు. దాని వర్గంలో చాలామటుకు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటే, ఇది మూడు సెంటీమీటర్ల దాకా పెరిగి గుండ్రటి పెంకులో కూర్చుంటుంది. కళ్లలో లెన్సులుండవు, అద్దాల్లాంటి రిఫ్లెక్టర్లుంటాయి. బొమ్మ సరిగా కనపడదు గానీ చీకట్లో మిణుకుమన్న కాస్త వెలుతురునూ పోగేసుకుంటుంది. 1891లో అల్బట్రాస్ నౌక తూర్పు పసిఫిక్‌లో పట్టిన వాటిని చూసి, 1895లో మ్యూలర్ అనే జర్మన్ జంతుశాస్త్రవేత్త దీనికి పేరు పెట్టాడు. పనిలేని మనిషి.

ఇదే పెద్దమనిషిని కూతురికి సంబంధం చూసేటప్పుడు చూడాలి.

"అబ్బాయి ఎత్తెంతండీ?"

"ఐదడుగుల ఎనిమిది."

"చెప్పులతోనా, లేకుండానా?"

"లేకుండానే బావగారూ."

"వాళ్లన్నయ్య కాస్త పొట్టిగా కనిపించాడే?"

"వాడు మేనమామ పోలిక."

"సొంతూరు తెనాలి అన్నారు. ఉండేది?"

"హైదరాబాదు, మియాపూర్."

"ఎన్నో అంతస్తు?"

పెంకు పొడవెంత, ఆడదా మగదా, ఎన్నిసార్లు పెంకు విడిచింది, ఏ సముద్రం, ఎన్ని మీటర్ల లోతు అని శాస్త్రవేత్త అడిగేదీ ఇదే. కాకపోతే ఆయనకు బజ్జీలు పెట్టరు. తెరిచిన వలను దించి లాగితే దారిలో తగిలినవన్నీ పడతాయి, ఏది ఏ అంతస్తుదో తెలియదు. అందుకే కోరిన లోతులో తెరుచుకుని, పైకి లాగేముందు మూసుకునే వలలు కావాలి. పెంకు విడిచినప్పుడల్లా సైజు ఒక మెట్టు ఎక్కుతుంది కాబట్టి, చాలావాటిని కొలిస్తే పిల్లలెన్నో పెద్దవెన్నో, సంతానం సరిగా నిలుస్తోందో లేదో తెలుస్తుంది. మధ్యవర్తి మాటమీద నమ్మే వ్యవహారం కాదు.

ఇంతకీ లాభం అడిగారు కదా. 2022లో అదే తూర్పు పసిఫిక్‌లో, మెక్సికోకూ హవాయికీ మధ్య, నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున సముద్రపు అడుగున పడి ఉండే మాంగనీసు ముద్దలు, అంటే లోహాలున్న రాళ్లు, తోడి చూశారు. మిగిలిన బురదనీళ్లు ఎక్కడ వదిలారు? సుమారు 1,200 మీటర్ల దగ్గర. సరిగ్గా ఇలాంటి జీవుల ఇంటిమీద! హిందూ మహాసముద్రంలో మనకూ 75,000 చదరపు కిలోమీటర్లలో ఆ ముద్దలు వెతుక్కునే హక్కుంది. 2021లో సముద్రపు లోతుల్ని వెతికే ప్రభుత్వ పథకం డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్లు అన్నారు. అప్పుడు పన్నుల డబ్బు గుర్తురాలేదు, చప్పట్లు కొట్టారు.

బురద పడకముందు అక్కడ ఏవి, ఎంతెంత సైజువి, ఎన్ని ఉన్నాయో రాసిపెట్టకపోతే, రేపు ఏమీ చావలేదని చెప్పడం ఎంత తేలిక! అసలున్నాయని రుజువేదీ అంటారు. మూడు సెంటీమీటర్ల జీవిని కొలిచేవాడి మీద మీకింత కోపం తెలియక కాదు. చావుకు సాక్ష్యం మిగలకూడదనే కదయ్యా, కొలబద్ద ముందే లాక్కుంటున్నది!