ఎర్రదీపం వెలగక ముందే చెప్పండి

అమెరికా నుంచి మెక్సికోకు సామాను తీసుకువెళ్ళే మన తెలుగువారి మధ్య తిరుగుతున్న సలహాలను చదివి చదివి, ఇక ఊరుకోలేక ఈ పోస్టు రాస్తున్నాను. "సరిహద్దులో కస్టమ్స్ వారికి ఏమీ చెప్పకుండా నేరుగా వెళ్ళిపోండి, తనిఖీ దీపం పచ్చగా వెలిగితే గండం గడిచినట్టే" అని ఒకరు, "కొత్త పెట్టెల అట్టలు చించి పారేసి, వాడిన సామానని చెప్పండి" అని ఇంకొకరు, "బిల్లులు దగ్గర పెట్టుకోకండి" అని మరొకరు రాస్తున్నారు. వారెవరికీ దురుద్దేశం లేదని నాకు తెలుసు. కానీ ఆ సలహా తప్పైన రోజున సరిహద్దు దగ్గర ఎండలో నిలబడవలసి వచ్చేది ఇచ్చినవారు కాదు, విన్నవారు. గత నవంబరులో అలా నిలబడిన ఒక కుటుంబంతో నేనూ ఉన్నాను.

ఆయనను నేను అన్నయ్య అని పిలుస్తాను. మాది ఒకే జిల్లా. అరిజోనాలో చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నారు. అరిజోనా వారికి అతి దగ్గరి సముద్రతీరం మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో ఉన్న ప్వెర్తో పెన్యాస్కో. లూక్‌విల్ దగ్గర సరిహద్దు దాటి, సొనోయ్‌తా మీదుగా సుమారు 100 కిలోమీటర్లు వెళితే ఆ ఊరు వస్తుంది. అక్కడ అన్నయ్య, వదిన ఒక చిన్న ఇల్లు కట్టుకుంటున్నారు. తీరానికి 50 కిలోమీటర్లు, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు భూమిని విదేశీయులు నేరుగా తమ పేర కొనుక్కోవడానికి మెక్సికో రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి, బ్యాంకు పేర ట్రస్టు ఏర్పాటు చేసుకుని, ప్రతి కాగితం లాయరుకు చూపించి, రెండేళ్ళు ఓపిక పట్టి ఆ పని మొదలుపెట్టారు. అంత జాగ్రత్తగా ఇంటి కాగితాలు చేయించుకున్న మనిషి, ఇంటికి వేసే టైల్స్ దగ్గరకు వచ్చేసరికి ఎవరో రాసిన రెండు వాక్యాలను నమ్మారు.

పికప్ ట్రక్కులో టైల్స్ పెట్టెలు, నాలుగు సీలింగ్ ఫ్యాన్లు, స్నానాల గదికి కుళాయి సెట్లు రెండు, ఒక తలుపు ఉన్నాయి. అన్నీ కలిపి 2,300 డాలర్ల ఖరీదు; అందులో టైల్స్ వాటా 1,400. సరిహద్దు దాటగానే రెండు దారులు కనబడతాయి. ఒకటి చెప్పడానికి ఏమీ లేనివారిది, రెండవది డిక్లేర్ చేసేవారిది. మేము మొదటి దారిలో వెళ్ళాము. దీపం ఎర్రగా వెలిగింది, అంటే తనిఖీ చేస్తారు. టార్పాలిన్ తీయమన్నారు. ముందు రోజు రాత్రే నేను అన్నయ్యకు రెండవ దారిలో వెళదామని చెప్పాను గానీ, ఆయన పెద్దవారు కదా అని గట్టిగా పట్టుబట్టలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

శంషాబాద్ విమానాశ్రయంలో గ్రీన్ ఛానెల్ దాటిన అనుభవం మనలో చాలామందికి ఉంది. అక్కడ ఎవరిని ఆపాలో అధికారి చూసి నిర్ణయిస్తారు. మెక్సికో సరిహద్దులో ఎవరిని తనిఖీ చేయాలన్నది సాధారణంగా దీపమే తేలుస్తుంది. మనిషి ముఖం చూసి కాకుండా యంత్రం ద్వారా ఎంపిక జరగాలన్న ఉద్దేశంతో పెట్టిన పద్ధతి అది. దాన్ని మనవారు లాటరీగా అర్థం చేసుకున్నారు. నిజానికి ఆ దీపం దాటే వరకు చట్టం మనకు ఒక అవకాశం ఇస్తుంది. ముందుగా చెబితే పన్ను మాత్రమే కట్టాలి, జరిమానా ఉండదు. ఏమీ లేదని దారి ఎంచుకుని, ఎర్రదీపం వెలిగాక సామాను బయటపడితే, ఇక అది చెప్పడం కాదు, దొరికిపోవడం. అప్పుడు జరిమానాను ఎగ్గొట్టిన పన్ను మీద కాక సరుకు విలువ మీద లెక్కిస్తారు. పన్నులో నాలుగోవంతో సగమో అదనంగా కడితే సరిపోతుందని అనుకునేవారు గమనించవలసిన మాట ఇది.

అన్నయ్య విషయంలో లెక్క ఎంత తేలికగా ముగిసేదో చూడండి. భూమార్గంలో వచ్చే ప్రయాణికుడికి తన వ్యక్తిగత సామాను కాక మరో 300 డాలర్ల విలువైన వస్తువులకు పన్ను మినహాయింపు ఉంది. విమానంలోనో ఓడలోనో వస్తే అది 500. భార్యాభర్తలు, పిల్లలు ఒకే వాహనంలో వస్తే వారి మినహాయింపులు కలుపుకోవచ్చు. అంటే అన్నయ్యకు, వదినకు కలిపి 600 పోగా మిగిలేది 1,700. మినహాయింపు కాక 3,000 డాలర్ల వరకు విలువ ఉన్న వస్తువులకు కస్టమ్స్ ఏజెంటు (దిగుమతి కాగితాల పని చేసిపెట్టేవారు) అవసరం లేకుండానే, ఒకే గంపగుత్త రేటున అక్కడి కౌంటరులో పన్ను కట్టి రసీదు తీసుకోవచ్చు. ఆ పన్ను సుమారు 300 డాలర్లయ్యేది, అరగంటలో తేలిపోయేది. దానికి బదులు సాయంత్రం వరకు ట్రక్కు అక్కడే ఆగిపోయింది, కట్టిన మొత్తం టైల్స్ ఖరీదునే మించిపోయింది, వదిన కళ్ళలో నీళ్ళు చూడవలసి వచ్చింది. ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. అక్కడి అధికారి మమ్మల్ని కించపరచలేదు. ప్రతి పెట్టె తెరిచి, లెక్కపెట్టి, రాసి, రసీదు ఇచ్చారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం మరొకటి ఉంది. ఇల్లు కట్టే సామాను "ఇంటి సామాను" కాదు. బట్టలు, పుస్తకాలు, ఫోను, ల్యాప్‌టాప్, పసిపిల్లల బండి, వాద్యపరికరం వంటివి ప్రయాణికుడి బ్యాగేజీ కిందకు వస్తాయి. కాపురం మార్చుకునేవారి వాడిన మంచాలు, బల్లలు, వంటపాత్రలు వేరే మినహాయింపు కిందకు వస్తాయి. టైల్స్, సిమెంటు, పైపులు, కిటికీలు ఈ రెండింటిలో దేనిలోనూ చేరవు. అవి సరుకు, అంతే. ఇంటి కోసమే కదా అన్న మన తర్కం అక్కడ చెల్లదు. విలువ 3,000 దాటితే ఏజెంటును పెట్టుకుని వాణిజ్య సరుకుగా దిగుమతి చేసుకోవాలి. అలాంటి సరుకు ప్రతి గేటు నుంచీ ప్రతి వేళా వెళ్ళదు కాబట్టి ఏ గేటు, ఏ సమయం అన్నది ముందే కనుక్కోవాలి. సరుకును ముక్కలు చేసి ప్రతి వారం కొంచెం తీసుకువెళితే పట్టుకోరని చెప్పేవారు ఉన్నారు. ప్రతిసారీ డిక్లేర్ చేసి పన్ను కట్టేటట్టయితే అది వేరే సంగతి. దాచడానికే ముక్కలు చేస్తే, ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు ఆ దీపం ముందు నిలబడవలసిందే.

"అమెరికాలో కొన్నాం కాబట్టి ఒప్పందం ప్రకారం సుంకం ఉండదు" అన్న మాట కూడా తరచుగా వింటున్నాను. 1994లో వచ్చిన నాఫ్టా స్థానంలో 2020 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడాల వాణిజ్య ఒప్పందం వస్తువును ఎక్కడ కొన్నారని అడగదు, ఎక్కడ తయారైందని అడుగుతుంది. అన్నయ్య ట్రక్కులోని టైల్స్ పెట్టెల మీద ఇండియాలో తయారైనట్టు ముద్ర ఉంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి అమెరికా దుకాణాలకు ఎన్ని టైల్స్ వస్తాయో ఆ వ్యాపారం తెలిసినవారికి కొత్త కాదు. మన దేశపు టైల్స్ అమెరికా మీదుగా మెక్సికోకు చేరినంత మాత్రాన ఉత్తర అమెరికా వస్తువులు అయిపోవు.

ఇక కాపురం మార్చుకునేవారి సంగతి. నేను అరిజోనాలోని చాండ్లర్‌లో తొమ్మిదేళ్ళు ఉండి, ఉద్యోగం మారి మెక్సికోలోని గ్వాదలహారాకు వచ్చాను. నా సామాను సరిహద్దు పట్టణం నొగాలెస్ మీదుగా వచ్చింది. 1995 నాటి మెక్సికో కస్టమ్స్ చట్టంలో 61వ అధికరణం ఏడవ భాగం, ఆ దేశంలో నివసించడానికి వచ్చేవారికీ, బయట ఉండి తిరిగి వచ్చే మెక్సికన్లకూ వాడిన ఇంటి సామాను మీద పన్ను లేకుండా చేసింది. మంచి మనసుతో రాసిన నిబంధన అని నేను నమ్ముతాను. బట్టలు, పుస్తకాలు, ఇంటి ఫర్నిచరు, కళాఖండాలు, వృత్తి పనివారి పనిముట్లు కూడా ఇందులో చేరతాయి, వాహనం చేరదు. సామాను కనీసం ఆరు నెలల ముందు కొన్నదై ఉండాలి. జాబితాను స్పానిష్‌లో రాసి, విద్యుత్ పరికరాలకు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు చేర్చి, మనం ఉండే ప్రాంతపు మెక్సికన్ కాన్సులేటులో ధ్రువీకరణ చేయించుకోవాలి. తాత్కాలిక నివాస కార్డు ఉన్నవారి సామాను తాత్కాలికంగానే వస్తుంది, అంటే వెళ్ళేటప్పుడు తిరిగి తీసుకువెళ్ళాలి, మధ్యలో అమ్ముకోకూడదు. శాశ్వత నివాసులకు ఆ షరతు లేదు.

ఆ జాబితా రాయడానికి నాకు, నా భార్యకు మూడు రాత్రులు పట్టింది. ఫ్రిజ్ వెనుక టార్చిలైటుతో నంబరు వెతకడం తేలికైన పని. ఇడ్లీ పాత్రను, వెట్ గ్రైండరును, మా అమ్మ ఇచ్చిన చిన్న రాతి రోలును స్పానిష్‌లో ఏమనాలో తెలియక చాలాసేపు కూర్చున్నాము. చివరకు రోలుకు "మోల్కహేతె" అని రాశాము. అది మెక్సికో వంటింట్లో ఉండే రాతి రోలు; మన సన్నికల్లుకు చుట్టమైన "మెతాతె" కూడా వారికి ఉంది. తనిఖీ రోజున ఆ పెట్టె తెరిచిన అధికారిణి రోలును చేత్తో తడిమి, మీకూ ఇవి ఉన్నాయా అని అడిగి, జాబితాలో టిక్కు పెట్టి మూత వేయించారు. సామాను వివరంగా రాసినందువల్ల తనిఖీ ఎక్కువవుతుందని భయపడేవారికి నా అనుభవం ఇది. వివరంగా ఉన్న పెట్టె త్వరగా మూతపడింది. "వంటసామాను, ఇతరాలు" అని మేము బద్ధకించి రాసిన ఒకే ఒక్క పెట్టెను పూర్తిగా గుమ్మరించారు.

రెండు నెలల ముందే కొన్న టీవీ ఒకటి మా దగ్గర ఉండేది. దాన్ని పాతదానిగా రాయమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. సీరియల్ నంబరుతో తయారీ తేదీ తెలుసుకోవడం ఎంతసేపు? ఒక్క టీవీ కోసం మొత్తం జాబితా మీద నమ్మకం పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేక, దాన్ని వేరుగా చూపించి పన్ను కట్టాము.

కరివేపాకు మొక్క గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఆడపడుచులు ఎక్కువగా అడిగేది దాని గురించే. దయచేసి తీసుకువెళ్ళకండి. నిమ్మ, బత్తాయి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2009లో మెక్సికోలో కనబడింది. నిమ్మతోటల మీద లక్షల మంది బతికే దేశమది. ఇది పన్ను కట్టి దాటించగల విషయం కాదు. తుపాకీ గుళ్ళ సంగతి ఇంకా తీవ్రం. అమెరికాలో కొన్న పాత ట్రక్కు డాష్‌బోర్డులో ఎవరో మరిచిపోయిన ఒక్క గుండు దొరికినా అది క్రిమినల్ కేసు కావచ్చు. బండిని ముందే ఖాళీ చేసి చూసుకోండి.

లంచం మాట ఎత్తేవారికి కూడా ఒక మాట. తిరిగి వచ్చే మెక్సికన్ వలసకూలీలను అధికారులే దోచుకుంటున్నారన్న ఫిర్యాదులు పెరిగిపోయి, 1989లో మెక్సికో ప్రభుత్వం వారి రక్షణ కోసం "పైసానో" కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పటికీ డిసెంబరులో ఫ్రిజ్‌లు, సైకిళ్ళు, పరుపులు ఎత్తుగా కట్టుకుని మిచొకాన్, సకతేకస్ రాష్ట్రాల వైపు వెళ్ళే పికప్‌లను చూస్తే, గల్ఫ్ నుంచి దిగి పెట్టెలు తోసుకుంటూ వచ్చే కరీంనగర్, కోనసీమ మనుషులే నాకు గుర్తుకు వస్తారు. వారిని బెదిరించడం తేలిక కావడానికి కారణం, ఏది ఎంతవరకు చెల్లుతుందో వారికి ఎవరూ చెప్పకపోవడం. డబ్బిచ్చి దాటిపోయే ప్రతివాడూ తన వెనుక వచ్చే కూలీ మీద ధర పెంచి పోతున్నాడు.

ప్రభుత్వం మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. 2022 జనవరి నుంచి కస్టమ్స్‌కు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేశారు, సైన్యానికీ నౌకాదళానికీ అందులో పెద్ద బాధ్యత అప్పగించారు. కానీ నిబంధనలు మారుతూ ఉంటాయి, వాటి పూర్తి పాఠం స్పానిష్ చట్టభాషలో ఉంటుంది, రెండు దారులు చీలే చోట డ్రైవరుకు ఆలోచించడానికి కొన్ని సెకన్లు కూడా ఉండవు. మినహాయింపు ఎంత, ఏవి బ్యాగేజీ, ఏవి సరుకు అన్నది ఆ చీలికకు అర కిలోమీటరు ముందు పెద్ద అక్షరాలతో, రెండు భాషల్లో బోర్డు పెడితే ఎంత ఖర్చవుతుంది? తెలియక తప్పు చేసినవారికీ, తెలిసి దాచినవారికీ ఒకే జరిమానా వేసే ప్రభుత్వానికి, తెలియజేసే బాధ్యత ఇంకా ఎక్కువ ఉండాలి.

అన్నయ్య ఫిబ్రవరిలో మళ్ళీ వెళుతున్నారు. ఈసారి కిటికీలు, వంటగది అరలు. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టారు, ఏజెంటుతో మాట్లాడారు, నేనూ వెంట వెళుతున్నాను. మీలో ఎవరైనా కాపురం మార్చుకుని ఇటు వస్తుంటే అడగండి, మా జాబితా నకలు పంపిస్తాను. ఇడ్లీ పాత్ర, జంతికల గొట్టం, వెట్ గ్రైండరు, రోలు, పీట, ఇత్తడి కుందులు, అన్నింటికీ స్పానిష్ మాటలు అందులో రాసి ఉన్నాయి.