నన్ను ఏమని పిలవమంటారు?

ఇది నిన్న మధ్యాహ్నం జరిగింది. చెవుల్లో వేడి ఇంకా తగ్గలేదు కాబట్టి చెప్పడంలో వరస తప్పితే సర్దుకోండి.

ఇంగ్లండులో ఒక యూనివర్సిటీవాళ్ళు ఎమ్మెస్సీలో సీటిస్తామన్నారు. అంటూనే, నీకు ఇంగ్లీషు వచ్చనడానికి ఋజువేమిటన్నారు. ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మార్కుల బ్యాండు మొత్తం మీద 6.5 రావాలి, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు. నేను ఎల్కేజీలో "టీచర్, దాహం" అన్నందుకు బెంచీ ఎక్కినవాణ్ణి. తెలుగు మాట దొర్లితే రూపాయి జరిమానా వేసే బడిలో పదేళ్ళు చదివి, ఆ పెంకుటింటిని మేడ చేయడంలో నా వంతు చందా చెల్లించుకున్నవాణ్ణి. ఇంజనీరింగు ఇంగ్లీషులోనే తప్పాను, ఇంగ్లీషులోనే గట్టెక్కాను. అవేవీ ఋజువులు కావట. బ్రిటన్ వీసావాళ్ళ దగ్గర ఒక జాబితా ఉంది. జమైకావాళ్ళూ గయానావాళ్ళూ మాల్టావాళ్ళూ అయితే అడగరు, మనల్ని అడుగుతారు. 1835లో మెకాలే దొరగారు ఇంగ్లీషు చదువే మీకు గతి అని తేల్చి వెళ్ళారు. సరే కదా అని తరతరాలుగా బట్టీపట్టి పుస్తకాలు అరగదీస్తే, ఇప్పుడు ఆయన ఊరివాళ్ళే "ఏదీ, ఒకసారి అప్పజెప్పు" అంటున్నారు. పైగా ఆ మార్కులకి రెండేళ్ళే గడువు. ఆ తర్వాత నా ఇంగ్లీషు మురిగిపోతుందన్నమాట.

మా కాలేజీవాళ్ళు ఇంగ్లీషు మీడియంలోనే చదివాడని ఒక సర్టిఫికెట్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. మూడు వారాలు తిప్పించుకుని ఇచ్చారు కూడా. అందులో రెండో వాక్యం "హీ హావ్ స్టడీడ్" అని మొదలైంది. అది పంపిస్తే వచ్చిన సీటు కూడా వెనక్కి పోతుందని మడిచి బీరువాలో పెట్టి, వేలకి వేలు ఫీజు కట్టాను.

రాతపరీక్ష సంగతి వదిలేయండి, అది బాగానే అయింది. నిన్నటిది మాట్లాడే పరీక్ష. మనిషికీ మనిషికీ ఎదురెదురుగా పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు. నీళ్ళ సీసా తెచ్చుకోవచ్చు గానీ అవతలివైపు కనపడేలా ఉండాలి, మీద కాగితం ఉండకూడదు. ఆ కాగితం ఆటోలో కూర్చుని గోళ్ళతో పీకితే సగం ఊడింది, మిగతా సగం జిగురై వేళ్ళకి పట్టుకుంది. అది గీకుతుండగా రాజమండ్రి నుంచి అమ్మ ఫోను. "ఒరేయ్ చంటీ, పెరుగన్నం తిన్నావా? చంటీ, ఎదురొచ్చింది ఎవరో చూసుకున్నావా? చంటీ, తడబడకు రా." మూడు ముక్కల్లో మూడు చంటీలు. ఫోన్ బయట సంచిలో పడేశాను గానీ ఆ మూడూ నా వెంటే లోపలికొచ్చాయి.

గదిలో ఒకావిడ. యాభై ఉంటాయేమో. కత్తిరించిన జుట్టు, మెడలో కళ్ళజోడు గొలుసు, రేడియోలో వార్తలు చదివే ఇంగ్లీషు. గోవావైపు మనిషి అనుకున్నాను. కూర్చోగానే తన పేరు చెప్పింది. నేనది వినలేదు. వేళ్ళ జిగురు పాస్‌పోర్టుకి అంటుకుంటే విడదీసుకుంటున్నాను. ఆ పేరొక్కటి విని ఉంటే ఈ గొడవంతా లేకపోను.

బల్లమీద రికార్డర్ నడుస్తోంది. పూర్తి పేరు చెప్పమంది. మాకు పూర్తి పేరంటే చిన్న విషయం కాదు. ఇంటిపేరు, దాని వెనక తిరుపతి స్వామి, ఆయన వెనక అన్నవరం స్వామి, ఇద్దరికీ సర్దిచెప్పడానికన్నట్టు చివర్న పోయిన తాతగారు. ఊపిరి బిగబట్టి అందరినీ దింపాను. ఆవిడ ఓపిగ్గా విని, "మరి మిమ్మల్ని నన్ను ఏమని పిలవమంటారు?" అని అడిగింది.

దీనికి కోచింగ్‌లో జవాబు నేర్పారు. "జస్ట్ కాల్ మీ సత్య." నాలుగు మాటలు. అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నోరు తెరిచాను.

"చంటి" అన్నాను.

నాకు ఇరవయ్యారేళ్ళు. గడ్డం ఉంది. బండి మీద బ్యాంకు అప్పుంది. చంటి అన్నాను.

"థాంక్యూ, చంటి" అంది. రికార్డర్ విన్నది. ఇక దాన్ని తుడిచేవాడు లేడు. సరే, అరనిమిషంలో ఊరూ ఉద్యోగమూ అడుగుతుందిలే అనుకుంటే, కాగితం తిప్పి పేర్ల మీద ప్రశ్నలు మొదలుపెట్టింది. "నీ పేరుకి ప్రత్యేకమైన అర్థమేమైనా ఉందా, చంటి?"

ఇక్కడ ఆగి ఒకమాట చెప్పుకోవాలి. నిజం చెప్పేయొచ్చు. చంటి అంటే చంకలో ఉండే వయసువాడు, పాలు మానిపించని పిల్లాడు అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు. కానీ ఆ అర్థం ఈ గడ్డం మీద నిలవదు. పైగా కోచింగ్ సారు రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు: "వాళ్ళు చూసేవి నాలుగే. ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. అందులో సత్యం లేదు. అబద్ధమైనా ఆగకుండా చెప్పు." జీవితంలో ఒక గురువు మాట అక్షరాలా పాటించింది నిన్ననే.

చంటి అనేది చాలా ప్రాచీనమైన పదమని మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. ప్రోత్సాహమేమో అనుకున్నాను. మా రాజమండ్రిని పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఏలాడన్నాను. ఇది నిజమే. నన్నయ చేత మహాభారతం తెలుగు చేయించిందీ ఆయనేనన్నాను. ఇదీ నిజమే. ఈ రెండు నిజాల భుజాల మీద కాళ్ళు మోపి, ఆయన సైన్యంలో చంటి అని ఒక సేనాపతి ఉండేవాడన్నాను. గోదావరిని వరదలో గుర్రం మీద దాటాడన్నాను. "వాజ్" వాడాను, "హాడ్ బీన్" వాడాను, ఎక్కడో "వాలియంట్" కూడా తగిలింది. బ్యాండు లేస్తున్న చప్పుడు నాకే వినిపిస్తోంది.

"ఇంట్రెస్టింగ్" అంది ఆవిడ, పెదవులు బిగించి. "మీ ప్రాంతంలో ఈ పేరు ఎక్కువ మందికి ఉందా?"

ఇంటికొకరు ఉన్నారన్నాను. అందరూ ఆ సేనాపతి వంశమేనా అని ఆవిడ అడగలేదు. అడిగితే వంశవృక్షం కూడా సిద్ధంగా ఉంది.

రెండో భాగంలో ఏదో చీటీ ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు మాట్లాడమంది. మాట్లాడాను. మూడో భాగం కూడా జరిగిందనే నమ్ముతున్నాను. మధ్యమధ్య "వై డూ యూ థింక్ సో, చంటి?" అని వినపడ్డప్పుడల్లా నాకు ఉయ్యాల కనపడేది.

అయిపోయిందంది. రికార్డర్ కట్టేసింది. లేచి, రేపణ్ణించి ఈ దేశంలో ఉండేవాణ్ణి కాదన్నంత ధీమాగా తలుపు దాకా నడిచాను. గడియ మీద చెయ్యి వేశాను.

వెనకనుంచి, మా కోటగుమ్మం సెంటర్లో బేరమాడే గొంతుతో, ఒక్క అక్షరం పొల్లుపోని గోదారి తెలుగు:

"సేనాపతిగారండీ! నీళ్ళ సీసా మర్చిపోయారండి!"

సీసా అక్కడే ఉంది. నేను వెనక్కెళ్ళి తెచ్చుకోలేదు.