మనకు వచ్చింది పోర్టల్‌లో ఉంది, పెట్టింది ఎక్కడుంది?

కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదన్న మాట వచ్చినప్పటి నుంచి చాలా ఇళ్లలో బిల్లులు దాచడం మానేశారు. ఇక వాటితో పనేముంది అంటున్నారు. జీతం వరకు ఆ మాట చాలామందికి నిజమే. కానీ ఇల్లో స్థలమో అమ్మితే వచ్చే దీర్ఘకాలిక లాభానికి, ఆ పన్ను లేకుండా చేసే రిబేటు (తగ్గింపు) వర్తించదు. పెట్టిన ఖర్చు లాభంలోంచి తగ్గుతుంది కాబట్టి అక్కడ ప్రతి రసీదూ డబ్బుతో సమానం.

2021 నవంబరు నుంచి ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) అనే పట్టిక కనిపిస్తోంది. బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకం, పెద్ద మొత్తాల్లో జరిగే ఇళ్లు, స్థలాల రిజిస్ట్రేషన్లు మన పాన్ కింద అందులోకి చేరతాయి. ఇల్లు ఎంతకు అమ్మామో శాఖకు మనం చెప్పకుండానే తెలుస్తుంది. ఆ ఇంటి మీద ఏళ్ల తరబడి ఎంత పెట్టామో మాత్రం మనం చూపిస్తేనే తెలుస్తుంది.

ఇది మా ఇంట్లోనే తెలిసొచ్చింది. నాన్న 2006లో ఇంటి మీద రెండు గదులు వేయించారు, నాలుగు లక్షల దాకా అయింది. 2024 దసరా తర్వాత ఆ ఇల్లు అమ్మాం. ఆడిటర్ గారు బిల్లులు అడిగితే అమ్మ ట్రంకుపెట్టె తీసింది. సిమెంటు కొట్టు రసీదుల మీద కార్బన్ అక్షరాలు వెలిసిపోయాయి. మేస్త్రీకి ఇచ్చిన కూలి ఒక నోటు పుస్తకంలో రాసి ఉంది, సంతకం లేదు. ఇనుము బిల్లు ఒక్కటే పనికొచ్చింది. 2024 జులై 23కి ముందు కొన్న ఇళ్లకు సూచీ లెక్కతో, అంటే ధరలు పెరిగిన మేరకు పాత ఖర్చును పెంచి చూపి, లాభం మీద 20 శాతం కట్టే వెసులుబాటు ఉంది కదా, ఆ లెక్కన 2006-07 నాటి నాలుగు లక్షలు, సూచీ 122 నుంచి 363కి పెరగడంతో, దాదాపు 12 లక్షల ఖర్చు అవుతుంది. దానివల్ల తగ్గాల్సిన పన్ను రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలు. అందులో చాలా భాగం కాగితాలు లేక పోగొట్టుకున్నాం. నాన్న లేరు, ఏది ఎక్కడ పెట్టారో అడగడానికి.

అందుకే నా మాట ఇది. జీతం, వడ్డీ కాగితాలకు ఏటా ఏప్రిల్‌లో ఒక కొత్త కవరు చాలు. పాత విధానంలో ఉన్నవాళ్లు అద్దె, ప్రీమియం రసీదులు ఎప్పటికప్పుడు అందులో వేసుకుంటే జనవరిలో ఆఫీసు ప్రూఫులు అడిగినప్పుడు టెన్షన్ ఉండదు. ఇల్లు, స్థలం, బంగారం కాగితాలను ఆ కవర్లలో కలపకూడదు. వాటికి ఏడాది అంటూ లేదు. అమ్మేదాకా, అమ్మాక కూడా కొన్నేళ్లు ఉండాల్సిందే. వారసత్వంగా వచ్చిన ఆస్తికి తల్లిదండ్రులు పెట్టిన ఖర్చే మన ఖర్చు, కాబట్టి వాళ్ల ఫైలు ఎక్కడుందో పిల్లలకు చెప్పి ఉంచాలి. షాపు మిషను రసీదులైతే కొన్నాళ్లకే తెల్లకాగితం అయిపోతాయి, ఆ రోజే ఫోటో తీయాలి.

ఇప్పుడు తమ్ముడు తన ఇంటి మీద గది వేయిస్తున్నాడు. మేస్త్రీకి డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నాడు. ఇసుక లారీ వచ్చిన ప్రతిసారీ అమ్మ గేటు దగ్గరే నిలబడి, రసీదు చేతికొచ్చాకే లోపలికి వస్తోంది.